ఫీజు రీయింబర్స్‌మెంట్: సర్కారు బాకీ విద్యార్థి మెడకు ఎలా చుట్టుకుంటోంది?

"మాది ఫ్రీ సీటే కదా, మళ్లీ ఫీజు కట్టమంటారేంటి?"

ఫైనలియర్ పరీక్షలు దగ్గరపడ్డప్పుడల్లా రెండు తెలుగు రాష్ట్రాల్లోని కాలేజీ కౌంటర్ల దగ్గర వినిపించే ప్రశ్న ఇది. పేద విద్యార్థుల కాలేజీ ఫీజును ప్రభుత్వం కట్టే పథకమే ఫీజు రీయింబర్స్‌మెంట్. ఆ సొమ్ము ఆగినప్పుడు పుట్టే గొడవ ఇది. 2025లో అది వీధికెక్కింది. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బంద్‌కు పిలుపునిచ్చి, సర్కారు హామీతో ఆగాయి. హామీ ఇచ్చినంత సొమ్ము చేతికి రాలేదంటూ నవంబరు 3 నుంచి నిజంగానే తలుపులు మూశాయి. చర్చల తర్వాత ఆ వారంలోనే విరమించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ప్రభుత్వం మారాక, దిగిపోయినవాళ్లు ఫీజు బకాయిలు నెత్తిన పెట్టి పోయారని గద్దెనెక్కినవాళ్లు అన్నారు. ఏడాది తిరక్కుండానే, మరి మీరెందుకు కట్టడం లేదని గద్దెనెక్కినవాళ్లను దిగిపోయినవాళ్లు అడిగారు.

ఈ గొడవలో ఎవరు ఎవరికి బాకీ అన్నది అంత తేలిగ్గా అర్థం కాదు. సీటు ఇచ్చేది కన్వీనర్, అంటే ప్రవేశాల కౌన్సెలింగ్ నడిపే అధికారి. ఫీజు ఎంతో తేల్చేది ఒక కమిటీ. అర్హత చూసేది సంక్షేమ శాఖ. డబ్బు విడుదల చేసేది ఆర్థిక శాఖ. చివర్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టాల్సింది కాలేజీ. ఈ అయిదుగురిలో ఏ ఒక్కరికీ మిగతా నలుగురితో నేరుగా పని పడకపోవచ్చు. అయిదు గడపలూ ఎక్కాల్సింది విద్యార్థి ఒక్కడే.

పేరులోనే ఉన్న మెలిక

రీయింబర్స్‌మెంట్ అంటే ఒకరు ముందు కట్టిన దాన్ని తర్వాత తిరిగి ఇవ్వడం. అసలు అర్థం ప్రకారమైతే విద్యార్థి ఫీజు కట్టాలి, రసీదు చూపాలి, ప్రభుత్వం ఆ సొమ్ము వెనక్కి ఇవ్వాలి. ముందే కట్టగలిగే స్తోమతే ఉంటే ఈ పథకంతో పనేముంది? అందుకే ఆచరణలో విద్యార్థి కట్టకుండానే చేరతాడు, కాలేజీ ఊరుకుంటుంది, ప్రభుత్వం తర్వాత చెల్లిస్తుంది. అంటే ముందు పెట్టుబడి పెడుతున్నది కాలేజీ. ప్రభుత్వానికి అది వడ్డీ లేని అప్పు. పేరు మాత్రం రీయింబర్స్‌మెంట్‌గానే మిగిలిపోయింది.

కాగితాల్లో కనిపించే మాటలు రెండున్నాయి. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు తిరిగి చెల్లింపు, ఇది కాలేజీకి సంబంధించినది. ఎంటీఎఫ్ అంటే మెయింటెనెన్స్ ఫీజు, అంటే తిండికి, వసతికి, పుస్తకాలకు విద్యార్థికి ఇచ్చేది. మాటల్లో దీన్నే స్కాలర్‌షిప్ అంటాం. "నాకు స్కాలర్‌షిప్ పడింది" అని ఒక విద్యార్థి అంటే చాలాసార్లు పడింది ఎంటీఎఫ్ మాత్రమే. ఆర్‌టీఎఫ్ ఇంకా బాకీలోనే ఉండొచ్చు. కౌంటర్ దగ్గర సగం తగాదాలు ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్ల పుట్టేవే.

ఇంకో తేడా కూడా ముఖ్యం. తిరిగి ఇచ్చేది ట్యూషన్ ఫీజును దృష్టిలో పెట్టుకుని. బస్సు ఫీజు, హాస్టల్ ఫీజు, కాలేజీ సొంతంగా పెట్టిన శిక్షణ రుసుము వంటివి దీని కిందికి రావు. ఫ్రీ సీటని చేరిన కుటుంబానికి ఏటా వేలల్లో బిల్లు రావడానికి ఒక కారణం ఇదే. అది బకాయి కాదు, పథకం మొదటి నుంచీ ముట్టుకోని భాగం.

1944లో మొదలై 2008లో మలుపు తిరిగి

షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ స్వాతంత్ర్యానికి ముందే, 1944లో మొదలైంది. పోస్ట్ మెట్రిక్ అంటే పదో తరగతి తర్వాత చదివే ఏ చదువైనా: ఇంటర్, ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ, బీటెక్, పీజీ. దశాబ్దాల పాటు ఇది ఎస్సీ, ఎస్టీల పథకం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008 ప్రాంతంలో దీన్ని బీసీలకు పూర్తి స్థాయిలో విస్తరించింది. ఆ తర్వాత మైనారిటీలు, ఆర్థికంగా వెనుకబడిన ఇతర వర్గాలూ చేరాయి. ఊళ్లలో డిగ్రీతో ఆగిపోయే పిల్లలు ఇంజనీరింగ్ వైపు చూడటం మొదలైంది. వాళ్లతో పాటు కాలేజీలూ పెరిగాయి. 2010 తర్వాతి సంవత్సరాల్లో ఒక్క ఉమ్మడి రాష్ట్రంలోనే 700 పైచిలుకు ఇంజనీరింగ్ కాలేజీలుండేవి. దరఖాస్తుల కోసం ఈపాస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ వచ్చింది. తెలంగాణలో ఇప్పటికీ దరఖాస్తు దాని ద్వారానే.

రాష్ట్రం విడిపోగానే, ఏ రాష్ట్రం ఎవరికి కట్టాలన్న చిక్కొచ్చి పడింది. 1956కు ముందు నుంచి తెలంగాణలో ఉన్న కుటుంబాల పిల్లలకే సాయం అంటూ 2014లో తెలంగాణ ప్రభుత్వం 'ఫాస్ట్' అనే పథకం తెచ్చింది. హైకోర్టు ప్రశ్నించడంతో ఏడాదిలోపే దాన్ని వదిలి పాత పద్ధతికే వచ్చింది. ఆ సందిగ్ధంలో గడిచిన నెలల బకాయిలు ఆ తర్వాతి సంవత్సరాల మీదికి పాకాయి. ఒక ఏడాది బకాయి రెండో ఏడాది నెత్తిన పడటం ఈ పథకానికి అలవాటుగా మారింది.

ఎవరికి ఎంత: పదివేల ర్యాంకు గీత

రెండు రాష్ట్రాల నిబంధనలు ఇప్పుడు వేర్వేరు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు కుటుంబ వార్షికాదాయం 2 లక్షల రూపాయల లోపు, బీసీలు తదితరులకు పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షల లోపు ఉండాలన్నది ఈపాస్ నిబంధనల్లో చాలాకాలంగా ఉన్న గీత. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం ఈ పథకానికి పెట్టిన పేరు జగనన్న విద్యాదీవెన. ఆ కాలంలో ఈ గీతను అందరికీ 2.5 లక్షలు చేసింది. దాంతో పాటు మాగాణి 10 ఎకరాలు, మెట్ట 25 ఎకరాలు మించకూడదని, ట్యాక్సీ కాని నాలుగు చక్రాల బండి ఉండకూడదని, ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదని షరతులు పెట్టింది.

హాజరు 75 శాతం ఉండాలి. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటు అయి ఉండాలి. బీటెక్ సీట్లలో 70 శాతం కన్వీనర్ కోటా, 30 శాతం యాజమాన్య కోటా. యాజమాన్య కోటాలోను, స్పాట్ అడ్మిషన్‌లోను (కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లను కాలేజీలోనే నింపడం) చేరినవారికి రీయింబర్స్‌మెంట్ రాదు. కోరుకున్న బ్రాంచి కోసం కన్వీనర్ సీటు వదులుకుని అదే కాలేజీలో స్పాట్‌లో చేరిన పేద విద్యార్థి ఆ ఒక్క నిర్ణయంతో నాలుగేళ్ల అర్హత పోగొట్టుకుంటాడు. డిటెయిన్ అయి (పై ఏడాదికి వెళ్లనివ్వక ఆపేస్తే) మళ్లీ చదివే ఏడాదికీ రాదు. ఒక డిగ్రీ అయ్యాక అదే స్థాయిలో మరో డిగ్రీ చదివినా రాదు.

ఇక ఎంత అన్నది. కాలేజీ ఫీజును తేల్చేది ప్రభుత్వం కాదు, యాజమాన్యమూ కాదు. 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన కమిటీలు వచ్చాయి. తెలంగాణలో దాన్ని టీఏఎఫ్‌ఆర్‌సీ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌ది. కాలేజీ ఆదాయ వ్యయాలు చూసి మూడేళ్లకోసారి ఫీజు ఖరారు చేస్తాయి. తెలంగాణలో 2022-25 బ్లాకుకు బీటెక్ కనీస ఫీజు 45,000 రూపాయలు. పేరున్న కొన్ని కాలేజీల్లో అది లక్షన్నర దాటింది. 2025లో కొత్త బ్లాకు మొదలైనా ఆ ఏడాదికి పాత ఫీజులే ఉంచాలని ప్రభుత్వం అనడం, కొన్ని కాలేజీలు హైకోర్టుకెళ్లడం వేరే కథ.

అసలు చిక్కు ఇక్కడుంది. 2012-13 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్‌కు ఒక గీత గీశారు. ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు. బీసీలు తదితరులకు మాత్రం ఎంసెట్‌లో పదివేల లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు, ఆపైన వస్తే గరిష్ఠంగా 35,000. ప్రభుత్వ పాఠశాలల్లో చదివి వచ్చినవారికి కొన్ని మినహాయింపులున్నాయి. తెలంగాణ ఈ గీతను అలాగే ఉంచింది. ఎంసెట్ పేరు ఎప్‌సెట్‌గా మారింది గానీ 35,000 మారలేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక కాలేజీ ఫీజు ఏటా 1,10,000 అనుకుందాం. అందులో నలుగురు చేరారు. ర్యాంకు 9,900 వచ్చిన బీసీ అమ్మాయికి ప్రభుత్వం 1,10,000 మొత్తం కడుతుంది. 10,100 వచ్చిన బీసీ అబ్బాయికి కట్టేది 35,000, ఇంట్లోంచి కట్టాల్సింది 75,000, నాలుగేళ్లకు 3 లక్షలు. ర్యాంకు 60,000 వచ్చిన ఎస్సీ విద్యార్థికి పూర్తి ఫీజు. నాలుగో విద్యార్థి 60,000 ర్యాంకుతోనే వచ్చిన బీసీ. అతను ఈ కాలేజీ కాకుండా కనీస ఫీజు 45,000 ఉన్న కాలేజీ ఎంచుకుని ఉంటే ఇంటి వాటా ఏటా 10,000తో పోయేది. రెండు వందల ర్యాంకుల తేడాకు 3 లక్షల భారం న్యాయమా అన్నది ఒక ప్రశ్న. పరిమితే లేకపోతే ఖజానా మోయగలదా అన్నది దానికి ఎదురు ప్రశ్న. సీటు అలాట్‌మెంట్ ఆర్డర్‌లో 'అభ్యర్థి చెల్లించాల్సిన ఫీజు' అనే గడిలో కనిపించేది ఈ తేడానే. ఆ గడిలో సున్నా ఉందంటే ఫీజు మాఫీ అయిందని కాదు, ప్రభుత్వం కడుతుందన్న అంచనాతో ప్రస్తుతానికి అడగడం లేదని.

కేంద్రం వాటా ఎంత, ఎక్కడ పడుతుంది

ఎస్సీ విద్యార్థుల విషయంలో మొన్నమొన్నటి దాకా కేంద్రం లెక్క విచిత్రంగా ఉండేది. ఒక పంచవర్ష ప్రణాళిక చివరి ఏడాది ఖర్చు ఎంతైతే అంత తర్వాతి కాలంలో రాష్ట్రం భరించాలి, దానికి మించినదే కేంద్రం ఇస్తుంది. దీనివల్ల భారం దాదాపు మొత్తం రాష్ట్రాల మీదికి జారింది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దీన్ని మార్చింది. కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం. ఈశాన్య రాష్ట్రాలకైతే 90, 10. అయిదేళ్లకు మొత్తం 59,048 కోట్ల అంచనాలో కేంద్రం వాటా 35,534 కోట్లు. కుటుంబ ఆదాయ పరిమితి 2.5 లక్షలు. ఎస్టీలకు పంపకం 75, 25గా ఉంది. బీసీలకు కేంద్రం ఇచ్చేది పరిమిత కేటాయింపు మేరకే, అసలు బరువు రాష్ట్రానిదే. అందుకే బకాయిల జాబితాలో పెద్ద అంకె ఎప్పుడూ బీసీల పేరు మీదే కనబడుతుంది.

కొత్త పద్ధతిలో రెండు షరతులున్నాయి. ముందు రాష్ట్రం తన వాటా విడుదల చేయాలి, తర్వాతే కేంద్రం ఇస్తుంది. కేంద్రం ఇచ్చేది కాలేజీకి కాదు, నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాకు. ఫీజు 80,000 ఉన్న ఎస్సీ విద్యార్థిని తీసుకుంటే రాష్ట్ర వాటా 32,000, కేంద్రం వాటా 48,000. ఆ 48,000 విద్యార్థి ఖాతాలో పడుతుంది, అతనే కాలేజీకి కట్టాలి. రాష్ట్రం 32,000 ఆపితే కేంద్రం 48,000 కదలదు. ఇంటి దగ్గర అప్పు ఉండి ఆ సొమ్ము ఇంకోదానికి ఖర్చయిపోతే కాలేజీ దృష్టిలో అది విద్యార్థి బాకీ, ప్రభుత్వ బాకీ కాదు.

ఖాతా విషయంలో మరో తంటా. ఆధార్‌తో జరిగే చెల్లింపు దరఖాస్తులో రాసిన ఖాతా నంబరును చూడదు. చివరిగా ఆధార్‌కు జత చేసిన ఖాతా ఏదో అందులో పడుతుంది. ఇంటర్‌లో ఉన్నప్పుడు తెరిచిన ఒక ఖాతా, తర్వాత ఏదో ఆఫర్ చూసి తెరిచిన ఇంకో ఖాతా ఉంటే డబ్బు రెండో దానిలోకి వెళ్లి, 'నాకు పడలేదు' అనే ఫిర్యాదు వస్తుంది. ఆ రెండో ఖాతా వాడకం లేక స్తంభించి ఉంటే సొమ్ము వెనక్కి మళ్లుతుంది.

దరఖాస్తు నుంచి ఖజానా దాకా

తెలంగాణ పద్ధతిలో ఒక దరఖాస్తు ప్రయాణం ఇలా సాగుతుంది. కౌన్సెలింగ్ ముగిశాక విద్యార్థి ఈపాస్‌లో దరఖాస్తు చేస్తాడు. మొదటి ఏడాదైతే కొత్తది, తర్వాత ఏటా రెన్యువల్. పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, ఆధార్, మీసేవలో తీసిన కుల, ఆదాయ ధ్రువపత్రాలు, అలాట్‌మెంట్ ఆర్డర్, బ్యాంకు వివరాలు కావాలి. వేలిముద్రతో ధ్రువీకరణ ఉంటుంది. ఆ కాగితాలు కాలేజీలో ఇస్తే ప్రిన్సిపాల్ లాగిన్ నుంచి సంక్షేమ శాఖకు వెళ్తాయి. జిల్లా అధికారులు పరిశీలించి మంజూరు చేస్తారు. మంజూరైనదానికి బిల్లు తయారై ట్రెజరీకి వెళ్తుంది. ట్రెజరీ ఒక టోకెన్ నంబరు ఇస్తుంది. ఆర్థిక శాఖ నిధులు విడుదల చేస్తే ఆ టోకెన్‌కు డబ్బు జమవుతుంది.

మొదటి మెట్టులోనే చాలా దరఖాస్తులు తట్టుకుని పడతాయి. పదో తరగతి మెమోలో 'వెంకట సాయి', ఆధార్‌లో 'వి. సాయి' అని ఉంటే వ్యవస్థ ఇద్దరు మనుషులుగా చూస్తుంది. ఆదాయ ధ్రువపత్రం పాతదైతే తిరగ్గొడతారు. పరీక్ష తప్పినవారి రెన్యువల్‌లో మార్కుల వివరాలు కలవక ఆగుతుంది. ఇవి దిద్దుకోదగ్గ తప్పులే. కానీ దిద్దేలోగా గడువు దాటితే ఆ ఏడాది పోయినట్టే, ప్రభుత్వ లెక్కలో అది బకాయి కూడా కాదు. కాలేజీ మాత్రం దాన్ని బాకీగానే రాసుకుంటుంది.

రెండో ఇబ్బంది క్యాలెండర్‌ది. విద్యా సంవత్సరం ఆగస్టులో మొదలైతే దరఖాస్తులు, పరిశీలన అయ్యేసరికి సంక్రాంతి దాటుతుంది. బిల్లులు ట్రెజరీకి చేరేది ఫిబ్రవరి, మార్చిల్లో, అంటే ఆర్థిక సంవత్సరం ముగిసే సమయానికి. రాష్ట్రంలోని ప్రతి శాఖా అప్పుడే బిల్లులతో ఎగబడుతుంది. మార్చి 31 దాటితే ఆ బడ్జెట్ మురిగిపోతుంది. పాత బిల్లులు కొత్త ఏడాది కేటాయింపు మీద పడతాయి. కొత్త ఏడాది విద్యార్థుల సొమ్ముతో పాత ఏడాది అప్పు తీరుతుంది. రెండు మూడేళ్లు ఇలా సాగితే బడ్జెట్‌లో కేటాయింపు బాగానే కనబడుతూ బకాయి పెరుగుతూనే ఉంటుంది. కేటాయింపు వేరు, విడుదల వేరు. అసెంబ్లీలో చదివేది మొదటిది, కాలేజీ ఖాతాలో కనిపించాల్సింది రెండోది.

ఒకే కాలేజీకి నాలుగు బకాయి అంకెలు

ప్రభుత్వం ఒక అంకె చెబుతుంది, యాజమాన్యాలు ఇంకోటి, ప్రతిపక్షం మూడోది. ఎవరూ అబద్ధం చెప్పకపోయినా ఇది జరగొచ్చు.

ఊహించుకోవడానికి ఒక చిన్న కాలేజీ. అర్హులమనుకున్న 400 మంది దరఖాస్తు చేశారు, తలకు 35,000. కాలేజీ పుస్తకంలో రావాల్సింది 1 కోటి 40 లక్షలు. వీరిలో 360 మందికి పరిశీలన పూర్తయి మంజూరైంది, అది 1 కోటి 26 లక్షలు. 320 మందికి బిల్లులు తయారయ్యాయి, 1 కోటి 12 లక్షలు. 300 మంది బిల్లులకు టోకెన్లు వచ్చాయి, 1 కోటి 5 లక్షలు. డబ్బు పడింది సున్నా. 'టోకెన్లు ఇచ్చినవాటికే మా బాధ్యత' అని ఆర్థిక శాఖ అంటే 1.05 కోట్లు, సంక్షేమ శాఖ రికార్డు చూస్తే 1.26, యాజమాన్యం పత్రికా ప్రకటనలో 1.40. రాష్ట్రమంతా ఇలాంటి కాలేజీలు కలిపితే తేడాలు వేల కోట్లకు చేరతాయి. 2025 చర్చల్లో 'టోకెన్లు వచ్చిన బకాయిలైనా ముందు ఇవ్వండి' అని కాలేజీలు పట్టుబట్టడానికి కారణం, ప్రభుత్వం కాదనలేని అంకె అదొక్కటే కావడం. బకాయి వార్త చదివేటప్పుడు అది ఏ మెట్టు దగ్గరి అంకె, ఎన్నేళ్లది, ఎంటీఎఫ్ కలిపారా లేదా అన్నది చూడకపోతే పోలికకు అర్థం లేదు.

ఈ కాలేజీకి అధ్యాపకుల జీతాలు మాత్రం నెలనెలా ఇవ్వాలి. కన్వీనర్ కోటాలో నూటికి 80 మంది రీయింబర్స్‌మెంట్ పిల్లలే ఉన్న కాలేజీకి ఏడాది చెల్లింపు ఆగితే మొదట ఆగేది జీతాలే. యాజమాన్య కోటా నిండే పెద్ద కాలేజీ తట్టుకుంటుంది. జిల్లా కేంద్రానికి దూరంగా ఉన్న డిగ్రీ కాలేజీ తట్టుకోలేదు. బంద్ ప్రకటనల్లో అందరూ ఒకే జెండా కింద కనిపిస్తారు గానీ నొప్పి ఒకలా ఉండదు.

డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలి

మొదట్లో సొమ్ము కాలేజీ ఖాతాకే వెళ్లేది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో దీన్ని తల్లుల ఖాతాలకు మార్చింది. మూడు నెలలకోసారి తల్లి ఖాతాలో పడేది, ఆమె కాలేజీకి కట్టాలి. తల్లి చేతిలో డబ్బుంటే కాలేజీని ప్రశ్నించగలుగుతుంది, సౌకర్యాలు లేకపోతే నిలదీస్తుంది, చదవని పిల్లల పేరుతో బిల్లులు పెట్టడం ఆగుతుంది అన్నది వాదన. విద్యార్థుల వసతికి విడిగా వసతి దీవెన కింద ఐటీఐకి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ ఆపైన 20,000 ఏటా ఇచ్చారు.

కాలేజీల వాదన దీనికి పూర్తిగా ఎదురు. ఖాతాలో పడ్డ సొమ్మును కొందరు కట్టలేదని, అది వసూలు చేయడానికి తమకు దారి లేదని హైకోర్టుకు వెళ్లాయి. 2021 సెప్టెంబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోలను తప్పుపట్టి కాలేజీలకే జమ చేయాలంది. వ్యాజ్యం అక్కడితో ఆగలేదు, చెల్లింపులూ తల్లుల ఖాతాలకే సాగాయి. 2023 చివర్లో తల్లి, విద్యార్థి ఉమ్మడి ఖాతా పద్ధతి తెచ్చారు. 2024లో వచ్చిన ప్రభుత్వం మళ్లీ కాలేజీలకే అంది.

నిజానికి రెండు పద్ధతుల్లోనూ ఒక లొసుగుంది. కాలేజీకి ఇస్తే, లేని విద్యార్థిని ఉన్నట్టు చూపించే అవకాశం యాజమాన్యానికి. ఇంటికి ఇస్తే, ప్రభుత్వం మూడు నెలలు ఆలస్యం చేసినా కాలేజీ అడిగేది ఆ ఇంటినే. రెండో పద్ధతిలో ప్రభుత్వానికో వెసులుబాటు, అంతగా చర్చకు రానిది: బకాయి పడ్డా కాలేజీకి ప్రభుత్వంతో నేరుగా పేచీ ఉండదు. బాకీ పత్రం మీద పేరు మారిపోతుంది.

పిల్లల కోసమా, కాలేజీల కోసమా

పథకాన్ని సమర్థించేవారు చెప్పేది కాదనలేనిది. కూలి పనికెళ్లే ఇంటి నుంచి మొదటి ఇంజనీరు, మొదటి ఫార్మసిస్టు వచ్చిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ప్రభుత్వ కాలేజీల్లో అన్ని సీట్లు లేవు, కట్టడానికి దశాబ్దాలు పడుతుంది, ఈలోగా ఒక తరం ఆగదు కదా అన్నది వారి మాట.

విమర్శకుల మాటా తేలిగ్గా కొట్టేసేది కాదు. ఫీజు ఖాయంగా వస్తుందన్న ధీమాతో ప్రయోగశాల లేని, అధ్యాపకులు లేని కాలేజీలు పుట్టాయి. ఒకే అధ్యాపకుడు నాలుగు కాలేజీల జాబితాలో కనిపించిన ఉదంతాలు తనిఖీల్లో బయటపడ్డాయి. తెలంగాణ ఏర్పడ్డాక మొదటి రెండేళ్లలో జేఎన్‌టీయూ హైదరాబాద్ చాలా కాలేజీలకు అనుబంధం నిరాకరించడం, విజిలెన్స్ తనిఖీలకు ఆదేశించడం ఈ నేపథ్యంలోనే. ఆ సొమ్ముతో ప్రభుత్వ కాలేజీలను బలపరచి ఉంటే ఆస్తి ప్రజలదై ఉండేదని వీరంటారు. కాలేజీలు దీనికి ఇచ్చే జవాబు ఏమిటంటే, మాలో తప్పు చేసేవాళ్లుంటే పట్టుకోండి, అంతేగానీ బకాయి అడిగినప్పుడే తనిఖీలు గుర్తుకు రావడమేంటి అని. ఆ ప్రశ్నలోని సమయం సంగతి నిజమే. బకాయి గొడవ ముదిరిన ఏడాదే విజిలెన్స్ మాట వినబడటం ఉమ్మడి రాష్ట్రం నుంచీ ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో పీజీ విషయం ఇంకో అంచు. 2020 డిసెంబరులో జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారిని పథకం నుంచి తీసేశారు, విశ్వవిద్యాలయ, ప్రభుత్వ కళాశాలలకే పరిమితం చేశారు. ఖర్చు తగ్గించడానికి ఇదొక మార్గం. విశ్వవిద్యాలయం దూరమైన ఊళ్లో ఎమ్మెస్సీ చేయాలనుకున్న అమ్మాయికి మాత్రం చదువు డిగ్రీతో ఆగడానికి అదే కారణమైంది. విద్యార్థి సంఘాలు ఏళ్ల తరబడి ఆ జీవో నంబరును నినాదం చేసుకున్నాయి.

సర్టిఫికెట్ల దగ్గర ఏం జరుగుతోంది

కాలేజీ దగ్గర ఉండే కాగితాలు రెండు రకాలు. చేరేటప్పుడు ఇచ్చిన పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్ మెమోలు ఒక రకం. వీటిని అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. సరిచూసి తిరిగి ఇచ్చేయాలి. రెండోది కోర్సు అయ్యాక వచ్చేవి: టీసీ, ప్రొవిజినల్, మార్కుల మెమోలు. ఇవి విశ్వవిద్యాలయం నుంచి కాలేజీ ద్వారా వస్తాయి, 'నో డ్యూస్' పత్రం మీద సంతకాలు పడితేగానీ చేతికి రావు. తాళం పడేది ఎక్కువగా ఇక్కడే. బాకీ ఉందని సర్టిఫికెట్ తాకట్టు సరుకులా పట్టుకోవడం కుదరదని కోర్టులు పలుమార్లు అన్నాయి. కోర్టుకెళ్లినవాడికి సర్టిఫికెట్ వచ్చింది. వెళ్లని వందమంది అప్పు చేసి కట్టారు, ఎందుకంటే ఉద్యోగంలో చేరాల్సిన తేదీ కోర్టు వాయిదా కోసం ఆగదు.

అలా కట్టినవారి లెక్క ఇంకా చిత్రం. నాలుగో ఏడాది 35,000 బకాయి విద్యార్థి సొంతంగా కట్టి ప్రొవిజినల్ తీసుకుని బెంగళూరు వెళ్లిపోయాడనుకుందాం. ఏడాదిన్నర తర్వాత ప్రభుత్వం అదే 35,000 కాలేజీ ఖాతాకు విడుదల చేస్తుంది. ఒకే ఫీజు రెండుసార్లు చేరినట్టయింది, ఒకటి తిరిగి విద్యార్థికి రావాలి. అయితే ఆ సంగతి అతనికి ఎలా తెలుస్తుంది? ఈపాస్‌లో తన దరఖాస్తు నంబరుతో స్థితి చూస్తేనే తెలుస్తుంది. తెలిసినా, తాను కట్టిన రసీదు మీద 'ప్రభుత్వ బకాయి కింద చెల్లింపు' అని కాకుండా ఉట్టి 'ట్యూషన్ ఫీజు' అనో, 'ఇతర రుసుములు' అనో రాసి ఉంటే ఆ 35,000, ఈ 35,000 ఒకటేనని చూపించడానికి కాగితం ఉండదు. చేతిరాత తెల్లకాగితం మీద ముట్టినట్టు సంతకం పెట్టి ఇచ్చిన చోట్ల అసలు కట్టినట్టే ఉండదు.